దొంగ కోరల్ డ్రా ఉండగా లైనక్స్ ఎందుకు? విశాఖ చిన్న షాపుల్లో ఓపెన్ సోర్స్ నిలబడుతుందా?

డాబాగార్డెన్స్_డీటీపీ:
అందరికీ నమస్కారం. డాబాగార్డెన్స్‌లో డీటీపీ షాపు నాది. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు చేస్తాం. ముందు గదిలో జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తులు. ఆరు సిస్టమ్స్ ఉన్నాయి, అన్నీ ఇంటెల్ ఆరో తరం, ఏడో తరంవి. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి కదా. విండోస్ 11 ఎక్కాలంటే ఎనిమిదో తరం ప్రాసెసరు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలంటున్నారు. ఆరూ ఒకేసారి మార్చే స్తోమత నాకు లేదు.

మా మేనల్లుడు రుషికొండలో సాఫ్ట్‌వేర్. "అన్నిట్లో విండోస్ తీసేసి లైనక్స్ వేసెయ్ మావయ్యా, రూపాయి ఖర్చుండదు, లోకమంతా ఓపెన్ సోర్స్ వైపే పోతోంది" అంటాడు. కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్‌ని ఓపెన్ సోర్స్ అంటారట. మా ఆపరేటరమ్మ ఏళ్ల తరబడి పేజ్‌మేకర్ మీదే పనిచేస్తోంది, కళ్లు మూసుకుని పేజీ పెట్టేస్తుంది. "అది వేస్తే నేను రాను" అని తేల్చి చెప్పేసింది. ఎవరి మాట వినమంటారు?

జగదాంబ_కుర్రోడు:
ఆపరేటరమ్మ మాటే. ఇంకేటి అడగడం!

మధురవాడ_సర్వర్:
మేనల్లుడి తరఫున నేను మాట్లాడతాను, నేనూ ఆ కొండ మీదవాణ్ణే. ఓపెన్ సోర్స్ రావాలా వద్దా అని అడిగే రోజులు పోయాయండీ. మీ ఆండ్రాయిడ్ ఫోనుకి అడుగున ఉన్నది 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లైనక్స్ కెర్నెలే (సిస్టమ్‌ని నడిపే మూలభాగం). ఆధార్ వెనకాల హడూప్, మైఎస్‌క్యూఎల్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఈ-గవర్నెన్స్‌లో ఓపెన్ సోర్స్‌కే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015లోనే విధానం తెచ్చింది. విండోస్ 10 ఆగిన ఆ అక్టోబర్ 14నే గూగుల్ మన విశాఖలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతానని ప్రకటించింది. ఆ సర్వర్లలో నడిచేదీ లైనక్సే.

డబ్బు సంగతి పక్కన పెట్టండి. తాళం చెవి ఎవరి జేబులో ఉందో చూసుకోండి. మన మల్కాపురం దగ్గర హెచ్‌పీసీఎల్ రిఫైనరీ ఉన్నట్టే గుజరాత్ వాడినార్‌లో నయారా ఎనర్జీ రిఫైనరీ ఉంది. అందులో రష్యా కంపెనీ రోస్‌నెఫ్ట్‌కి వాటా ఉంది. 2025 జూలైలో యూరప్ ఆంక్షలు పడగానే మైక్రోసాఫ్ట్ వాళ్లకు మెయిలూ టీమ్సూ ఆపేసింది. అవి డబ్బు కట్టి తీసుకున్న లైసెన్సులు! ఢిల్లీ హైకోర్టుకెక్కాక తిరిగి ఇచ్చారు. అంత పెద్ద కంపెనీకే ఆ గతి.

గాజువాక_పద్దులు:
సర్వర్ల గురించి ఎవరడిగారండీ? ఆయన అడిగింది బల్ల మీది కంప్యూటర్ గురించి. మైక్రోసాఫ్ట్ వచ్చి డాబాగార్డెన్స్ శుభలేఖల షాపు మీద ఆంక్షలు పెడుతుందా ఏమిటి?

నేను ఆటోనగర్ వర్క్‌షాపులకు పద్దులు రాస్తాను. ట్యాలీ ప్రైమ్ విండోస్ మీద నడిచేలా చేసిందే, లైనక్స్‌కి లేదు. విండోస్ ప్రోగ్రాములను లైనక్స్‌లో నడిపే వైన్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి నడిపించొచ్చని కుర్రాళ్లు చెబుతారు. మార్చి నెలాఖర్లో అది మొరాయిస్తే ఆ కుర్రాళ్లు ఫోనెత్తరు. ఏడాది జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-9 ఆఫ్‌లైన్ టూల్ చూడండి. ఎక్సెల్ మాక్రోల (ఫైల్లోనే ఉండే చిన్న ప్రోగ్రాముల) మీద ఆధారపడిన ఫైలు అది, ఎమ్మెస్ ఆఫీసుకి బదులు వాడే ఓపెన్ సోర్స్ లిబ్రేఆఫీసును నమ్ముకుని దాని జోలికి వెళ్లలేం. 2015లో ఓపెన్ సోర్స్ విధానం తెచ్చిన ప్రభుత్వమే రిటర్ను వేయడానికి ఎక్సెల్ చేతికిస్తుంది. వరస అలా ఉంది మరి.

జర్మనీలో మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో లైనక్స్‌కి మారాలని తీర్మానించి, దాదాపు పదిహేను వేల కంప్యూటర్లు మార్చి, 2017లో మళ్లీ విండోస్‌కే వెళ్లాలని నిర్ణయించింది. అంత డబ్బూ మనుషులూ ఉన్న ఊరికే నిలవలేదు.

మధురవాడ_సర్వర్:
మ్యూనిక్ కథ సగంలో ఆపారు. 2020లో వచ్చిన కొత్త కూటమి మళ్లీ ఓపెన్ సోర్స్ వైపే మొగ్గింది. అదే జర్మనీలో ష్లెస్విగ్-హోల్‌స్టీన్ రాష్ట్రం 30 వేల కంప్యూటర్లను లిబ్రేఆఫీసుకి మారుస్తామని 2024లో ప్రకటించింది, 2025 అక్టోబర్‌కల్లా మెయిల్ వ్యవస్థ కూడా మార్చేసింది.

జగదాంబ_కుర్రోడు:
జర్మనీ తర్వాత గురూ, ముందు డాబాగార్డెన్స్ సంగతి తేల్చండి. అసలు ఆ షాపులో కోరల్ డ్రాకి బిల్లుందేటి?

ఎంవీపీ_మాస్టారు:
కుర్రోడు వేళాకోళానికి అన్నా అసలు సంగతి అదే. డిగ్రీ కాలేజీలో ల్యాబ్ చూస్తాను కాబట్టి ఈ మాట నిస్సంకోచంగా అంటున్నాను. జర్మనీలో లిబ్రేఆఫీసుకి పోటీ లైసెన్సు కట్టిన ఎమ్మెస్ ఆఫీసు. మన ద్వారకానగర్, డాబాగార్డెన్స్ సందుల్లో పోటీ దొంగ కాపీతో. అదీ ఉచితమే, పైగా అలవాటైంది. "రూపాయి ఖర్చుండదు" అని మేనల్లుడు చెబితే మావయ్యగారు కదలకపోవడంలో వింతేముంది? ఆయన ఇప్పుడూ రూపాయి కట్టడం లేదు కదా. (మీరనే కాదండీ, ఈ వీధిలో చాలామంది అంతే.)

కేరళ బడుల గురించి అందరూ గొప్పగా చెబుతారు. నిజమే, అక్కడ కైట్ అనే ప్రభుత్వ సంస్థ ప్రభుత్వ బడుల ల్యాబులను ఏళ్లుగా లైనక్స్ మీదే నడుపుతోంది, పదో తరగతి ఐటీ పరీక్ష కూడా దాని మీదే. అక్కడ కుదరడానికి కారణం చూడాలి. ప్రభుత్వ బడి క్రాక్ (లైసెన్సు తాళం పగలగొట్టే దొంగ ప్రోగ్రాము) వేసుకుని కూర్చోలేదు. కొనాలి, లేదంటే ఓపెన్ సోర్స్ పెట్టాలి. లెక్క అక్కడ తేలింది. మన షాపుల్లో మూడో దారి తెరిచే ఉంది, అందుకే లెక్క తేలదు. కొనుక్కోవాల్సి వస్తే ఈ వీధి సగం రేపటికల్లా కోరల్ డ్రా లాంటి ఓపెన్ సోర్స్ ఇంక్‌స్కేప్ నేర్చుకుంటుందని నా నమ్మకం.

ఆ మూడో దారి ఉచితం కాదని నేనంటాను. క్రాక్ వేసేటప్పుడు ముందు యాంటీవైరస్ ఆపమంటుంది. మనం ఆపుతాం. తర్వాత అడ్మిన్ అనుమతి అడుగుతుంది. అదీ ఇస్తాం. ఊళ్లో ఒక ల్యాబులో అలా వచ్చిన వైరస్ పిల్లల ప్రాజెక్టు ఫైళ్లన్నీ లాక్ చేసి డబ్బులడిగింది. మీ ముందు గది సిస్టమ్‌లో ఏమున్నాయో ఒకసారి తెరిచి చూడండి. జనం ఆధార్‌లు, పాన్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కు స్కాన్లు, ఆడపిల్లల ఫొటోలు. అప్‌డేట్లు ఆగిపోయిన విండోస్ మీద, క్రాక్ వేసిన సాఫ్ట్‌వేర్ పక్కన ఇవన్నీ పడి ఉన్నాయి. మనల్ని నమ్మి ఇచ్చినవి అవి.

గాజువాక_పద్దులు:
మాస్టారూ, ఆ మాట కాదనను. అయినా అంత కంగారెందుకు, విండోస్ 10 అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా పొడిగించుకునే ఏర్పాటు ఉందిగా.

జగదాంబ_కుర్రోడు:
ఒరిజినల్ విండోస్ ఉంటే కదా బావా పొడిగింపు.

డాబాగార్డెన్స్_డీటీపీ:
మాస్టారు గారూ, ఫొటోల మాట నిజమే, రాత్రి కూర్చుని చాలా తుడిచేశాను. లైసెన్సుల సంగతి ఇక్కడ మాట్లాడను, నన్ను వదిలేయండి. ముందు గది రెండు సిస్టమ్స్ లైనక్స్‌కి మార్చడానికి అభ్యంతరం లేదు, అక్కడ బ్రౌజరు, స్కానరు, ప్రింటరు తప్ప పనిలేదు. వెనక గది నాలుగిటి గురించే బెంగ. పాత ఫైళ్లన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. మొన్నటి పెళ్లికూతురి చెల్లెలికి ఇప్పుడు సంబంధం కుదిరింది, "అక్క కార్డులాగే పేర్లు మార్చి వేయండి" అంటారు. మా వ్యాపారం అదే.

అల్లిపురం_ప్రెస్:
ఇది నా పని కాబట్టి కొంచెం పొడుగ్గా చెబుతాను. మీ ఆపరేటర్‌ని కట్టిపడేసింది విండోస్ కాదు, పేజ్‌మేకర్ కూడా కాదు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, అడోబ్ దాన్ని ఎప్పుడో వదిలేసింది. అసలు ముడి పాత అను ఫాంట్ల దగ్గరుంది. అవి యూనికోడ్ (ఏ సిస్టమ్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల ప్రమాణం) కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తలకట్లు, గుడులు, వత్తుల ముక్కలు కూర్చి పెట్టినవి. ఆ ఫాంట్ లేని చోట ఫైలు తెరిస్తే పిచ్చి గుర్తులే. పాత కార్డు కోసం పెళ్లికూతురి పేరు కొట్టి వెతికినా దొరకదు. అందులోని మేటర్ వాట్సాప్‌లో పంపాలంటే మళ్లీ మొదటినుంచి కొట్టాల్సిందే. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. నూటికి నూరుపాళ్లు నమ్మకండి, వత్తుల దగ్గర తేడా వస్తుంది, ప్రూఫ్ చూడాలి. శుభలేఖలో పేరు తప్పుపడితే ఎవరూ ఊరుకోరు.

ఓపెన్ సోర్స్‌లో పేజీ పెట్టడానికి స్క్రైబస్ ఉంది. చాలాకాలం దానికి తెలుగు రాలేదు, వత్తులు విడిపోయి పక్కకు పడేవి. 1.5.3 నుంచి సంయుక్తాక్షరాలు సరిగ్గా కూర్చుతోంది, 1.6 స్థిరమైన వెర్షన్ 2024 జనవరిలో వచ్చింది. సీఎంవైకే (అచ్చుకి వాడే నాలుగు రంగుల) పీడీఎఫ్ ఇస్తుంది, ప్లేటుకి నేరుగా పంపొచ్చు. మా ప్రెస్‌కి అలా వచ్చినవి బాగానే పడ్డాయి. ఫొటోలు దిద్దే జింప్ 3.0 వచ్చినా ఇంకా ఫొటోని సీఎంవైకేలో పెట్టుకుని పనిచేసే వీలు లేదు, ఇంక్‌స్కేపూ ఆర్జీబీ (తెర రంగుల) మీదే. ఫ్లెక్సీకి ఫర్వాలేదు గానీ ఆఫ్‌సెట్ ప్రింటుకి ఎరుపులు, నీలాలు మారిపోతాయి. ఇంకోటి, కస్టమర్లు తెచ్చే సీడీఆర్ (కోరల్ డ్రా) ఫైళ్లు ఇంక్‌స్కేప్‌లో తెరుచుకున్నా చాలాసార్లు చెదిరిపోతాయి.

ఫాంట్ల విషయంలో మాత్రం మంచి రోజులే. సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన మండలి, రామభద్ర, సూరన్న, గురజాడ వంటివన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి, ఎవరికీ పైసా కట్టక్కర్లేదు, ఏ సిస్టమ్‌లోనైనా పనిచేస్తాయి. అంతకుముందే తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారి పోతన ఉంది. అయినా పెళ్లికార్డు మీద ఆ వంపులు, అలంకారాలు కావాలంటే అనులో ఉన్నన్ని రకాలు ఇంకా లేవు. అది ఒప్పుకోవాల్సిందే.

కాబట్టి నా సలహా: పాత పని పాత సిస్టమ్‌లోనే ఉంచి, దాని నెట్ కేబుల్ పీకేయండి. కొత్తగా వచ్చే బిల్లు పుస్తకాలు, కరపత్రాలు యూనికోడ్‌లో మొదలుపెట్టండి. ఏ సాఫ్ట్‌వేర్‌లో చేసినా సరే, విండోస్‌లోనే చేయండి పోనీ. మేటర్ యూనికోడ్‌లో ఉంటే రేపు ఎటైనా తీసుకెళ్లొచ్చు.

గాజువాక_పద్దులు:
ఇది కాస్త ఇంగితం ఉన్న మాట. కానీ మధురవాడ తమ్ముడూ, ఓపెన్ సోర్స్ కోడ్ అందరూ చూస్తారు కాబట్టి భద్రం అని నువ్వంటావని ముందే చెబుతున్నా. ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ లైబ్రరీలో (ఫైళ్లను కుదించే కోడ్‌లో) దొంగ కోడ్ దూర్చారని 2024 మార్చిలో బయటపడింది. దాన్ని నిర్వహిస్తున్నది దాదాపు ఒంటరిగా ఒక స్వచ్ఛంద కార్యకర్త. ఇంకొకడు మంచివాడిలా చేరి ఏళ్లు గడిపి నమ్మకం సంపాదించి ఆ పని చేశాడు. ఎవరు చూశారు?

మధురవాడ_సర్వర్:
ఆండ్రెస్ ఫ్రాయిండ్ చూశాడు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వి పట్టుకున్నాడు. కోడ్ తెరిచి ఉంది కాబట్టే తవ్వగలిగాడు. పైగా ఆయన మైక్రోసాఫ్ట్ ఉద్యోగి!

గాజువాక_పద్దులు:
ఆయన ఆ రోజు సెలవు పెట్టి ఉంటే? సరే, నేననేది ఒకటే. చూసుకునే మనిషికి ఎక్కడో ఒకచోట జీతం ఇవ్వాలి. అక్కడ ఎవరూ ఇవ్వలేదు, ఇక్కడా అంతే. రేపు మేనల్లుడికి బెంగళూరులో ఉద్యోగం వస్తే ఈ ఆరు సిస్టమ్స్ ఎవరు చూస్తారు? విండోస్ పాడైతే ద్వారకానగర్‌లో ఏ షాపుకి తీసుకెళ్లినా సాయంత్రానికి చేసిస్తారు. లైనక్స్ అంటే "వదిలేసి వెళ్లండి, చూద్దాం" అంటారు.

ఎంవీపీ_మాస్టారు:
దానికి నా దగ్గర జవాబుంది, మధురవాడవారికి నచ్చకపోవచ్చు. మేనల్లుడి చేత ఊరికే చేయించుకోకండి. మా చివరి సంవత్సరం పిల్లల్లో ఈ పని చేయగలిగినవాళ్లున్నారు, నెలకింతని మాట్లాడుకోండి. లైసెన్సుకి కట్టని డబ్బు మనిషికి కట్టండి. వాడు వెళ్లిపోతే ఇంకొకడు వస్తాడు.

డాబాగార్డెన్స్_డీటీపీ:
సరే, ముందు గది రెండూ మారుస్తాను, వెనక గదిలో కేబుల్ పీకేస్తాను. మూడు ప్రశ్నలు మిగిలాయి. మా దగ్గర అందరి దగ్గరా ఉండే కెనాన్ ఎల్‌బీపీ 2900 ప్రింటరే ఉంది, లైనక్స్‌లో నడుస్తుందా? డబ్బులు తీయడానికి వేలిముద్ర యంత్రం కూడా వాడతాం. ఇక ఆపరేటరమ్మ ఇదంతా చదివి అడుగుతోంది: యూనికోడ్ అంటే మళ్లీ టైపింగ్ మొదటినుంచి నేర్చుకోవాలా?

అల్లిపురం_ప్రెస్:
2900 పెట్టగానే నడవదు, క్యాప్ట్ అనే డ్రైవర్ విడిగా వేయాలి, కొత్త వెర్షన్లలో పేచీ పెట్టొచ్చు. హెచ్‌పీ ప్రింటరైతే చాలా మోడళ్లకు హెచ్‌ప్లిప్ డ్రైవర్ ఉంది, సుఖం. వేలిముద్ర యంత్రం కోసం మాత్రం ఒక్క విండోస్ సిస్టమ్ ఉంచుకోండి, దానితో ప్రయోగాలు వద్దు. ఏదైనా డిస్క్ చెరపకముందే పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా (ఇన్‌స్టాల్ చేయకుండానే) బూట్ చేసి ప్రింటరు, స్కానరు చూసుకోండి.

ఆపరేటరమ్మ గారికి: మీ వేళ్లు యాపిల్ లేఅవుట్‌కి (కీబోర్డు మీద తెలుగు అక్షరాల అమరిక) అలవాటైనవే అయితే, లైనక్స్‌లో టైపింగ్ భాషలు మార్చే ఐబస్‌కి ఎం17ఎన్ అనే లేఅవుట్ల ప్యాకేజీ వేసుకోండి, జాబితాలో తెలుగు యాపిల్ ఉంటుంది. ఇన్‌స్క్రిప్ట్ అనే ఇంకో లేఅవుట్ కూడా ఉంటుంది. ఒకటి రెండు మీటలు అటూఇటూ ఉండొచ్చు, అది తప్ప కొత్తగా నేర్చుకునేది లేదు.