జోసే హపార్ గురించి తెలిసినవాళ్ళు కాస్త చెప్తారా?

ఎం.ఏ.లో ఫెడరలిజం పేపర్ కోసం బెల్జియం సోషలిస్టు నాయకుడు జోసే హపార్ మీద రాస్తున్నాను. నాకు ఫ్రెంచ్, డచ్ రెండూ రావు, అందుకే అడుగుతున్నాను.

ఆయన ఫ్రెంచ్ మాట్లాడే రైతు. ఆయన ఉండే ఫూరోన్ ప్రాంతాన్ని 1963లో ఫ్రెంచ్ మాట్లాడే లియేజ్ ప్రావిన్స్ నుంచి విడదీసి, డచ్ మాట్లాడే లింబర్గ్‌లో కలిపారు. 1983లో అక్కడ మేయరయ్యారు. డచ్ వచ్చని నిరూపించుకోవడానికి ఒప్పుకోలేదు. 1986లో నియామకం రద్దయింది, 1987లో ఆ గొడవతోనే బెల్జియం ప్రధాని మార్టెన్స్ ప్రభుత్వం కూలిపోయింది. అక్కడి ఊరి బోర్డుల మీద అవతలి భాష పేరుకు రంగు పూసేసిన ఫొటోలు చూస్తే మనసు చివుక్కుమంటుంది. మా అమ్మమ్మగారిది తిరుత్తణి, 1960లో మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళిన ఊరు. అందుకే నాకిది ఎక్కడో జరిగిన కథలా అనిపించదు.

నాకు అర్థం కానిది ఒకటే. కార్మికవర్గమే ముఖ్యమనే సోషలిస్టు పార్టీ, భాష కోసం కొట్లాడే మనిషికి 1984లో యూరోపియన్ పార్లమెంటు టికెట్ ఎందుకిచ్చింది? ఆ ఎన్నికల్లో ఆయన పేరు మీదే పడిన రెండు లక్షల పైచిలుకు ఓట్ల లాంటి బలం కోసమేనా, లేక గనులు, ఉక్కు దెబ్బతిన్న వాలోనియాకు (బెల్జియంలో ఫ్రెంచ్ మాట్లాడే దక్షిణ ప్రాంతం) సొంత అధికారాలు కావాలన్న పాత డిమాండ్ వల్లా? తర్వాత ఆయన వాలోనియా వ్యవసాయ మంత్రి, అక్కడి పార్లమెంటు అధ్యక్షుడు కూడా అయ్యారు. బెల్జియంలో ఉన్నవాళ్ళు, ఇది చదువుకున్నవాళ్ళు దయచేసి వివరంగా చెప్పండి.