రంగస్థలం మీది డాక్టర్లను వరుసలో చేర్చవచ్చునా?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

బీబీసీ 1963లో ప్రారంభించిన ‘డాక్టర్ హూ’ ధారావాహికలో ‘డాక్టర్’ అనే నాయకుడు మరణం అంచుకు చేరినప్పుడు కొత్త రూపం ధరిస్తాడు కనుక, నటుడు మారినా పాత్ర కొనసాగుతుంది. టెలివిజన్‌లో డాక్టరుగా నటించినవారి వరుసలో లేని ట్రెవర్ మార్టిన్, డేవిడ్ బ్యాంక్స్ కూడా రంగస్థలం మీద ఆ పాత్ర ధరించారు. మా బృందం తయారు చేస్తున్న వైజ్ఞానిక నాటకంలోనూ నాయకుణ్ణి ఇద్దరు నటులు పోషిస్తున్నారు. మార్టిన్, బ్యాంక్స్‌లను అసలైన డాక్టర్లుగా పరిగణించవచ్చునా? ఆ మార్పును ప్రేక్షకుల చేత ఎలా ఒప్పించారు? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం (కాజీపేట నుంచి)

మార్టిన్‌ను తప్పక చేర్చాలని నా దృఢమైన అభిప్రాయమండి. టెరెన్స్ డిక్స్ రాసిన, మార్టిన్ డాక్టరుగా నటించిన ‘సెవెన్ కీస్ టు డూమ్స్‌డే’ నాటకం 1974 డిసెంబరులో లండన్‌లోని అడెల్ఫీ థియేటర్‌లో మొదలైంది. అంతవరకు డాక్టరుగా నటించిన జాన్ పెర్ట్వీ అప్పటికే టెలివిజన్ నుంచి తప్పుకొన్నారు, ఆయన స్థానంలో వచ్చిన టామ్ బేకర్ తొలి పూర్తి కథ ప్రసారం ఆ నెలాఖరుకు గాని మొదలు కాలేదు. ఆ సంధికాలంలో డిక్స్ రూపాంతరాన్నే నాటకానికి ప్రారంభంగా చేసుకొని, ప్రేక్షకుల మధ్య కూర్చున్న ఇద్దరు యువ పాత్రధారులను డాక్టరుకు సహాయంగా వేదిక మీదికి రప్పించారు. తమలో నుంచి లేచి వెళ్లినవారు కొత్త మనిషిని నమ్మితే సభ కూడా నమ్ముతుంది; ఒప్పించిన కిటుకు అదేనని నేననుకుంటాను. పైగా ఈ నాటకం కోసం కల్పించిన కార్న్ అనే గ్రహం 1976లో టెలివిజన్ కథలోకి వెళ్లింది. అటువంటి నాటకాన్ని వరుస బయట ఉంచడం న్యాయం కాదు.

సమాధానం (కరీంనగర్ నుంచి)

బ్యాంక్స్ విషయం వేరు. 1989 నాటి ‘ది అల్టిమేట్ అడ్వెంచర్’ నాటకంలో ఆయన కిరాయి సైనికుడి పాత్రధారి, అందులో డాక్టరుగా నటిస్తున్న పెర్ట్వీ అస్వస్థులైనప్పుడు రెండు ప్రదర్శనలలో డాక్టరుగా నిలబడ్డారు. తరువాత డాక్టరు పాత్రను టెలివిజన్‌లోనూ దాన్ని పోషించిన కొలిన్ బేకర్ స్వీకరించారు. కథలో రూపాంతరం లేదు కనుక బ్యాంక్స్‌ను వేరే అవతారంగా లెక్కించలేను, కాని ఆ రెండు ప్రదర్శనలు చూసినవారికి డాక్టరు ఆయనే. మన పల్లెల పౌరాణిక పద్యనాటకాల్లో ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు వచ్చినా ఎవరూ అభ్యంతరపెట్టరు, రెండో కృష్ణుడు పద్యం ఎలా అందుకుంటాడోనని ఆసక్తిగా ఎదురుచూస్తారు. మీ సభ ఆ అలవాటు ఉన్న సభే.

సమాధానం (మళ్లీ కాజీపేట నుంచి)

కరీంనగర్ మిత్రులతో ఏకీభవిస్తున్నాను. ఒక్క సూచన చేస్తాను: మార్పును దీపాలు ఆర్పి తెర వెనుక జరపకండి. మొదటి నటుడు పడిపోయిన చోటనే రెండో నటుడు లేచి, సగంలో ఆగిన సంభాషణను అదే గొంతు స్థాయిలో అందుకొని, ఆ తరువాత నెమ్మదిగా తన ధోరణిలోకి మళ్లనివ్వండి.