7 ఏళ్ల పాపకి పై పన్ను కింది పన్ను వెనక్కి పడుతోంది, ఇప్పుడే సరిచేయించాలా?

మాది కావలి. పాపకి పైన ముందు పళ్లు రెండూ కొత్తవి వచ్చాయి. నోరు మూస్తే కుడివైపుది కింది పన్నుకి వెనకగా పడుతోంది. ఆ కింది పన్ను దగ్గర చిగురు కొంచెం కిందికి జారింది, నా భయమంతా అదే. నొప్పి లేదు, వేలు చీకే అలవాటూ లేదు. డాక్టరు చెప్పినట్టు ఐస్‌క్రీమ్ పుల్ల ఆ పై పన్ను వెనక పెట్టి రోజూ అన్నం ముందు కొరికించాం, కదల్లేదు. ఇప్పుడాయన 12 ఏళ్లు వచ్చాక చూద్దామంటున్నారు. అమెరికా ఆర్థోడాంటిస్టుల (పళ్ల వరస సరిచేసే డాక్టర్ల) సంఘమేమో మొదటి పరీక్ష 7 ఏళ్లలోపే చేయించమంటోంది. చిగురు జారుతుంటే అన్నేళ్లు ఆగడం నాకు సబబుగా అనిపించట్లేదు.

నెల్లూరు, ఒంగోలు వైపు ఈ వయసు పిల్లలకి తీసిపెట్టుకునే ప్లేటుతో ఇలాంటి పన్ను ముందుకి తెప్పించినవాళ్లున్నారా, ఎన్ని నెలలు పట్టింది?