క్రోషే కొత్తవాళ్లు ముందు చిన్న ముక్కలు అల్లాలా, నేరుగా స్కార్ఫ్ మొదలుపెట్టాలా?

దారపుండ:
హుక్, ఊలు కొని రెండు వారాలైంది. ఒకరేమో నెల రోజులు ముక్కలు అల్లి విప్పమన్నారు. ఇంకొకరు స్కార్ఫ్ పట్టుకో, అదే వస్తుందన్నారు. స్కార్ఫే పట్టుకున్నాను. సింగిల్ క్రోషే, అంటే అన్నిటికన్నా మామూలు పొట్టి కుట్టు, 30 కుట్లతో మొదలుపెడితే 20వ వరుసకి 24 మిగిలాయి. ఎక్కడ పోయాయో అర్థం కావడం లేదండీ. ఎవరి మాట వినాలి?

గొలుసుకుట్టు:
ముక్కలే ముందు. మీ ఆరు కుట్లూ అంచుల్లోనే పోయి ఉంటాయి. వరుస తిప్పేటప్పుడు వేసే ఒక దారపు ఉచ్చుని, అంటే చెయిన్‌ని సింగిల్ క్రోషేలో మామూలుగా కుట్టుగా లెక్కపెట్టరు. అందుకే తిప్పాక మొదటి కుట్టులోనే హుక్ దూర్చాలి. వరుసలో చివరి కుట్టు కాస్త ముడుచుకుని ఉంటుంది, కొత్త కంటికి ఆనదు. మొదటి కుట్టుకీ చివరి కుట్టుకీ పిన్నీసు పెట్టుకోండి. 15 కుట్ల ముక్కలో ఈ తప్పు మూడో వరుసకే దొరుకుతుంది. స్కార్ఫ్‌లో జానెడు అల్లాక గానీ తెలీదు. నాకూ అలాగే అయింది. అంతా విప్పేసి, ఆరు నెలలు హుక్ ముట్టలేదు.

నీలిఊలు:
నేను ఒప్పుకోను. అల్లిందల్లా విప్పుకుంటూ నెల రోజులు కూర్చోవడం ఎవరి వల్ల అవుతుంది? మనసుపడ్డ వస్తువైతే తప్పులు దిద్దుకునే ఓపిక అదే వస్తుంది. చాలామందిని ఇబ్బంది పెట్టేది ఊలు. నల్లటి ఊలులో, బొచ్చు ఊలులో కుట్టు కనపడదు. లేత రంగు, నునుపుగా ఉన్న ఊలు, లేబుల్ మీద 4 అని (మధ్యరకం లావు) ఉండేది, 5 మి.మీ. హుక్ తీసుకోండి. నూలు దారం సాగదు, కొత్త చేతికి నొప్పి. స్కార్ఫ్ పెద్దదనిపిస్తే గ్రానీ స్క్వేర్ (మధ్య నుంచి చుట్టూ అల్లే చదరపు ముక్క) అల్లండి, ఒక్క పూటలో చేతిలో వస్తువుంటుంది.

గొలుసుకుట్టు:
గ్రానీ స్క్వేర్ నాకూ ఇష్టమే. కానీ అందులో హుక్ ఎక్కువగా సందుల్లోకి వెళ్తుంది. కుట్టు పైన వి ఆకారంలో ఉండే రెండు పోగుల కిందకి దూర్చడం దాంతో అలవాటు కాదు. నెల ఎక్కువేనని ఒప్పుకుంటాను, రెండు సాయంత్రాలు చాలు. విప్పాల్సిన పనీ లేదు, గ్లాసు కింద వేసుకోండి.

ఎడమచేతివాటం:
మీరిద్దరూ వదిలేసిన సంగతి ఒకటుంది. అమెరికా నమూనాల్లో సింగిల్ క్రోషే అనేదాన్నే బ్రిటన్ నమూనాల్లో డబుల్ క్రోషే అంటారు. నమూనాలో సింగిల్ క్రోషే అన్న మాట కనిపిస్తే అది అమెరికా పద్ధతి. ఇది చూసుకోకపోతే ముక్కైనా స్కార్ఫైనా కొలత తప్పుతుంది.

దారపుండ:
పిన్నీసులు పెట్టి 15 కుట్ల ముక్క అల్లాను. పన్నెండో వరుసలోనూ 15 ఉన్నాయి! కానీ కింది అంచు బిగిసి, ముక్క విల్లులా వంగింది.

నీలిఊలు:
అన్నిటికన్నా కింద, మొదట వేసిన చెయిన్ల వరుస బిగుతైందండీ. ఆ వరుస వరకు 5.5 లేదా 6 మి.మీ. హుక్‌తో అల్లి, తర్వాత 5కి మారండి. స్కార్ఫ్ మాత్రం పక్కన పడేయకండి.