పనిలో నిబద్ధత గురించి అడిగితే: నేర్చుకున్న జవాబా, సొంత జవాబా?

గాజువాక ఎమ్మెస్సీ:
ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తి చేశాను. పరవాడ ఫార్మా సిటీలోని ఒక కంపెనీలో క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే) ల్యాబ్ ఉద్యోగానికి వచ్చే వారం ఇంటర్వ్యూ. సబ్జెక్టు ప్రశ్నలంటే భయం లేదు. బెంగంతా తరువాతి వాటితోనే. "మీరు ఎంత కష్టపడతారు?", "షిఫ్టు అయిపోయింది, పని మిగిలింది, ఏం చేస్తారు?", "పక్కనున్నవారు తప్పు చేస్తే చెబుతారా?" అని అడుగుతారట. ద్వారకానగర్‌లో నేను వెళ్లే శిక్షణ కేంద్రంలో వీటికి తయారు జవాబులిచ్చారు. "పని పూర్తయ్యే వరకు గడియారం చూడను" అనేది ఒకటి. "ఏ పనిలోనూ చిన్న లోటును కూడా సహించలేకపోవడమే నా లోపం" అనేది ఇంకొకటి. అద్దం ముందు చెప్పుకుంటుంటే నాకే నవ్వొస్తోంది. నిజం చెబితే ఉద్యోగం రాదని ఇంట్లోవారు, కంఠతా పట్టింది చెబితే దొరికిపోతావని సీనియర్లు అంటున్నారు. మీరేమంటారు?

కంచరపాలెం కుర్రాడు:
ఆ తయారు జవాబులే చెప్పండి. ఇందులో పాపమేమీ లేదు. వారికి వినాలని ఉంది, మీకు ఉద్యోగం కావాలి. "మా సంస్థ ఒక కుటుంబం" అని వారు చెప్పేది మాత్రం నిజమా? 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 మొదట్లో ఎల్ అండ్ టీ అధినేత 90 దాకా తీసుకెళ్లారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమేమో 48 గంటలు దాటితే రెట్టింపు కూలి ఇవ్వాలంది. ఇంతటి ఉత్సాహవంతుల ముందు కూర్చుని "ఎనిమిది గంటలు శ్రద్ధగా చేస్తాను, ఆపైన ఇంటికి వెళ్తాను" అంటే ఎవరు తీసుకుంటారు?

రుషికొండ హెచ్ఆర్:
ఇంటర్వ్యూ బల్లకు అవతలి వైపు కూర్చునే మనిషిని కాబట్టి చెబుతున్నాను. ఒకే ఉదయం వచ్చిన నలుగురు ఒకే వాక్యం అప్పజెబితే నాకు రాసుకోవడానికి ఏమీ దొరకదు. మా కాగితంలో నిబద్ధత అన్న గడి పక్కన అభ్యర్థి చెప్పిన సంఘటన రాయాలి. "చాలా కష్టపడతారట" అని రాస్తే మా పైవారు నన్నే అడుగుతారు. అందుకే ఆ తయారు జవాబు వినగానే "చివరిసారి అలా ఎప్పుడు చేశారు?" అంటాను. సాధారణంగా కథ అక్కడ ఆగిపోతుంది.

కంచరపాలెం కుర్రాడు:
అంత బాగా కనిపెట్టగలిగితే కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూప్ సి ఉద్యోగాలకూ, గెజిటెడ్ కాని గ్రూప్ బి ఉద్యోగాలకూ ఇంటర్వ్యూలు ఎందుకు ఎత్తేసింది? పావుగంట మాటల్లో మనిషి పనితనం తెలియదని కాదా?

రుషికొండ హెచ్ఆర్:
అక్కడ భయం సిఫారసులు, లంచాల గురించి. పనితనం సంగతి వేరు. 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ 85 ఏళ్ల పరిశోధనలను కలిపి లెక్కగట్టారు. అందరినీ అవే ప్రశ్నలు అడిగి ఒకే కొలమానంతో మార్కులు వేసే ఇంటర్వ్యూకూ తరువాతి పనితీరుకూ ఉన్న సంబంధం (పూర్తిగా సరిపోతే 1, అసలు లేకపోతే 0) 0.51 అని, తోచినట్టు అడిగేదానికి 0.38 అని తేలింది. 2022లో పాల్ సాకెట్ బృందం ఆ లెక్కలను తిరగదోడి అంకెలు తగ్గించింది. అయినా పద్ధతిగా జరిగే ఇంటర్వ్యూయే 0.42తో ఎంపిక పద్ధతులన్నిటికంటే పైన నిలిచింది.

కంచరపాలెం కుర్రాడు:
అన్నిటికంటే పైనున్నదే 0.42 అన్నమాట! సంతోషం.

క్యూసీ పరవాడ:
మీ ఇద్దరి వాదనలో ఆ అమ్మాయి ఇంటర్వ్యూ మునిగిపోతోంది. ఆమె వెళ్తున్నది మందుల పరీక్షల ల్యాబ్‌కు. అక్కడ "గడియారం చూడను" అంటే మా చెవికి చాలా చెడ్డగా వినిపిస్తుంది. తూకం వేసిన సమయం, ద్రావణం కలిపిన సమయం, హెచ్‌పీఎల్‌సీలో (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రంలో) నమూనా ఎక్కించిన సమయం, అన్నీ రాసి ఉండాలి. జరిగినప్పుడే రాయాలి. సాయంత్రం తీరిగ్గా కూర్చుని గుర్తుచేసుకుని నింపేవాడు ఎంత కష్టజీవి అయినా మాకు ప్రమాదమే.

మా దగ్గర నిబద్ధత ప్రశ్నలు తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాయి. అంకె తప్పు రాశారనుకోండి. ఏం చేస్తారు? దిద్దకూడదు, వైట్‌నర్ పూయకూడదు, కాగితం చింపి కొత్తది రాయకూడదు. పాత అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ పెట్టి, కారణం రాయాలి. రెండో ప్రశ్న ఇంకా కష్టం. ఫలితం హద్దు దాటి వచ్చింది, బ్యాచ్ పంపాల్సిన లారీ గేటు దగ్గర ఉంది, మేనేజర్ తొందరపెడుతున్నాడు. చాలామంది కొత్తవారు ఉత్సాహంగా "ఇంకోసారి పరీక్షిస్తాను సార్" అంటారు. అదే తప్పు. ముందు వెంటనే పైవారికి తెలియజేయాలి, ద్రావణాలు పారబోయకుండా ఉంచాలి, ల్యాబ్‌లో పొరపాటు జరిగిందేమో విచారణ జరగాలి. సరైన ఫలితం వచ్చేదాకా పరీక్షిస్తూ పోవడం కుదరదని 1993లోనే అమెరికాలో బార్ ల్యాబొరేటరీస్ కేసులో కోర్టు తేల్చింది. మన పరవాడ మందులు వెళ్లే దేశాల తనిఖీదారులు ఇక్కడికొచ్చి మొదట అడిగే వాటిలో కంప్యూటర్‌లోని ఆడిట్ ట్రెయిల్ ఒకటి. ఎవరు, ఎప్పుడు, ఏది చెరిపారో అందులో ఉంటుంది.

కాబట్టి అమ్మా, "మీరు ఎంత కష్టపడతారు?" అన్న ప్రశ్నకు గంటల లెక్క చెప్పకండి. ఎం.ఎస్సీ ప్రాజెక్టులో ఏదో ఒక ఫలితం మీరు అనుకున్నట్టు రాకపోయే ఉంటుంది. అప్పుడు నోట్‌బుక్‌లో ఏం రాశారో చెప్పండి. ఆ ఒక్క సంఘటన మీద మేం చాలాసేపు మాట్లాడగలం.

సి షిఫ్టు పెద్దాయన:
ఉక్కు కర్మాగారం కోక్ ఓవెన్స్‌లో (బొగ్గును కోక్‌గా మార్చే కొలుముల దగ్గర) చేసి రిటైర్ అయినవాణ్ని. షిఫ్టు ప్రశ్న ఎందుకు అడుగుతారో కంచరపాలెం బాబుకు తెలిసినట్టు లేదు. కోక్ ఓవెన్ గోడలు సిలికా ఇటుకలవి. వేడి తగ్గితే కుంచించుకుని పగుళ్లు వస్తాయి. దీపావళి అని, తుపాను అని ఆపడానికి కుదరదు. అందుకే రిలీవర్ (తరువాతి షిఫ్టు మనిషి) వచ్చేదాకా మనిషి స్థానం వదలకూడదు. అది యజమాని మీద ప్రేమతో కాదు, పక్కన పనిచేసేవాడి ప్రాణం మీద లెక్కతో. ఆగిన పని రేపు చేసుకోగలిగే ఆఫీసులో కూడా ఇదే ప్రశ్న అడిగి, రాత్రి తొమ్మిది దాకా ఉంటానంటేనే మంచివాడు అంటే మాత్రం నేను బాబు పక్షమే.

క్యూసీ పరవాడ గారు వెంటనే పైవారికి తెలియజేయాలన్నారు, పక్కవాడి తప్పు విషయంలో మాత్రం ఆయనతో విభేదం. పక్కవాడి తప్పు ముందు పక్కవాడికే చెప్పాలి. నేరుగా పైకి చేరవేసేవాణ్ని ఏ షిఫ్టూ నమ్మదు.

క్యూసీ పరవాడ:
పెద్దలు మన్నించాలి. మీ దగ్గర అది స్నేహధర్మం, మా దగ్గర అది దాచిపెట్టడానికి మొదటి మెట్టు అవుతుంది. ఇద్దరు కలిసి "సరే, సరిదిద్దేద్దాం" అనుకున్న చోటే రికార్డు పాడవుతుంది. పక్కవారికి చెప్పండి, కానీ అదే గంటలో సూపర్‌వైజర్‌కు కూడా తెలియాలి.

సి షిఫ్టు పెద్దాయన:
ఇద్దరికీ చెప్పమన్నారు కాబట్టి సగం ఒప్పుకుంటాను.

మధురవాడ ఫ్రెషర్:
ప్రాజెక్టు కూడా ఘనంగా లేనివారి సంగతేమిటి? నేను డిగ్రీ అంతా తెల్లవారుజామున మా నాన్న టిఫిన్ బండి దగ్గర పనిచేసి కాలేజీకి వెళ్లాను. ఇంటర్వ్యూలో చెప్పాలంటే చిన్నతనంగా ఉంటోంది. అది అనుభవం కింద లెక్కకు వస్తుందా?

రుషికొండ హెచ్ఆర్:
నిస్సందేహంగా వస్తుంది. కానీ "కష్టాలు పడ్డాను" అని చెబితే జాలిపడతాం, మార్కులు పడవు. పిండి పులిసిపోయిన రోజు ఏం చేశారు, అప్పు పెట్టే ఖాతాదారుతో ఎలా మాట్లాడారు, పరీక్షల వారంలో పని ఎలా పంచుకున్నారు? అవి చెప్పండి.

కంచరపాలెం కుర్రాడు:
ఇక్కడ మాత్రం నాకు అభ్యంతరం ఉంది. టిఫిన్ బండి కథ విని "ఈ పిల్లవాడు ఎంత పనైనా చేస్తాడు, నోరెత్తడు" అనుకునేవారు ఎక్కువ. పేదరికాన్ని అర్హతగా చూపిస్తే జీతం దగ్గర దానికి తగ్గ బేరమే పెడతారు.

రుషికొండ హెచ్ఆర్:
అలాంటివారూ ఉన్నారు. కాదనను.

గాజువాక ఎమ్మెస్సీ:
అందరికీ కృతజ్ఞతలు. షిఫ్టు ప్రశ్నకు ఇలా రాసుకున్నాను, చూడండి. "నా సమయం ముగిసేసరికి పరీక్ష నడుస్తుంటే, ఎంతవరకు వచ్చిందో లాగ్‌బుక్‌లో రాసి, వచ్చినవారికి చూపించి అప్పగిస్తాను. ఎవరూ రాకపోతే ఇన్‌ఛార్జికి చెప్పి, ఆ పరీక్ష ముగిసేదాకా ఉంటాను. అలా ఆలస్యమైన రోజు ఇంటికి చేర్చే బండి ఉంటుందా? కష్టపడటం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు."

క్యూసీ పరవాడ:
బాగుంది. చివరి వాక్యం తీసేయండి. బండి సంగతి "మీరేమైనా అడుగుతారా?" అన్నప్పుడు అడగండి. జవాబు మధ్యలో పెడితే షరతులా వినిపిస్తుంది.

కంచరపాలెం కుర్రాడు:
షరతే కదా! మహిళలను రాత్రి షిఫ్టులో పెట్టాలంటే వారి సమ్మతి, రవాణా, భద్రత యాజమాన్యం బాధ్యతే. అడిగిన చోటే ఉంచండి. దానికి మొహం మాడ్చుకునే కంపెనీ ఏదో ఇప్పుడే తెలిసిపోతుంది.

సి షిఫ్టు పెద్దాయన:
బాబు చెప్పింది న్యాయం, క్యూసీ పరవాడ గారు చెప్పింది లౌక్యం. గాజువాక నుంచి పరవాడ దూరం కాదు గానీ రాత్రి పదకొండింటికి ఆ దారి వేరు. ఎక్కడ అడిగినా సరే, అడగకుండా మాత్రం రావద్దమ్మా. జవాబు నోటిమాటగా చెబితే నియామక పత్రంలో రాసిస్తారా అని కూడా అడుగు.