అప్‌డేట్: టైల్ కట్టర్ కొన్నాను, బాల్కనీ పని దాదాపు అయిపోయింది

బెంగళూరు మారతహళ్ళిలో మా బాల్కనీకి 600×600 మి.మీ. విట్రిఫైడ్ టైల్స్ సొంతంగా వేసుకోవడానికి చేతి కట్టర్ (టైల్ మీద గీత గీసి విరిచే పనిముట్టు) కొనాలా, గ్రైండర్ (తిరిగే బ్లేడుతో కోసే కరెంటు మెషిన్) సరిపోతుందా అని పోయిన నెల అడిగాను. మీరు చెప్పినట్టే పనిముట్ల దుకాణాలుండే ఎస్పీ రోడ్డుకెళ్ళి, 800 మి.మీ. పొడవు దాకా కోసే చేతి కట్టర్ తెచ్చాను. మూల నుంచి మూలకు కోయాలంటే దాదాపు 850 మి.మీ. కావాలి, అది దీని మీద పట్టదు. నాకు ఆ అవసరం రాలేదు.

మొదటి రెండు టైల్స్ వంకరగా విరిగాయి, చాలా బాధేసింది. గీత సరిగా పడలేదేమోనని, కట్టర్‌లో గీత గీసే చిన్న చక్రాన్ని మూడుసార్లు లాగాను. పక్క ఫ్లాట్‌లో పనిచేస్తున్న మేస్త్రి చూసి, "ఒక్కసారే గీయండి సార్, చప్పుడు తెగకుండా రావాలి" అన్నాడు. బలమంతా పెట్టకుండా, ఒకే ఒత్తిడితో ఈ చివర నుంచి ఆ చివరకు గీసి, హ్యాండిల్ మెల్లగా నొక్కితే టక్కున రెండయింది. ఆ తర్వాత ఒక్కటి కూడా పాడవలేదు!

గోడ పక్కన 2 సెం.మీ. పట్టీ మాత్రం కట్టర్‌తో రాలేదు. దానికీ, నీళ్ళ పైపు చుట్టూ గుండ్రంగా కోయడానికీ డైమండ్ బ్లేడ్ పెట్టిన గ్రైండర్ అద్దెకు తెచ్చాను. కళ్ళకు రక్షణ అద్దాలు, మాస్కు తప్పనిసరి, దుమ్ము విపరీతం. ఇక టైల్స్ మధ్య సందుల్లో గ్రౌట్ (సందులు పూడ్చే ముద్ద) నింపడమే మిగిలింది. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్ అండీ.