ఏసీ రాడ్‌తో రాగి బాయిలర్ అతకొచ్చా, 55 శాతం వెండి తప్పదా?

రామంతపూర్_స్టీమ్:
మూడున్నర అంగుళాల గేజ్ (పట్టాల మధ్య దూరం) బుల్లి ఆవిరి రైలింజన్‌కు రాగి బాయిలర్ చేస్తున్నాను. బ్యారెల్ (గుండ్రటి నడుం భాగం) బయటి వ్యాసం 100 మి.మీ., రాగి రేకు 2.5 మి.మీ., పొగ గొట్టాలు 12 మి.మీ.వి మొత్తం 12, పని ఒత్తిడి 5.5 బార్. ఏసీ, ఫ్రిజ్ మెకానిక్‌లు వాడే రాగి-ఫాస్ఫరస్ రాడ్ రాణీగంజ్‌లో ఎక్కడ అడిగినా ఇస్తారు. రాగికి రాగి అతికేటప్పుడు ఫ్లక్స్ (అతుకు పట్టేలా ముందు పూసే మందు) కూడా అక్కర్లేదు. 55 శాతం వెండి రాడ్ ధర దానికి ఎన్నో రెట్లు. ఏసీ గొట్టాల్లో 25 బార్ దాటినా తట్టుకునే అతుకు 5.5 బార్‌కి చాలదా? ముందు గ్యాస్‌తో నడుపుతాను, తర్వాత బొగ్గుకు మారుస్తాను. ఎవరి మాట వినాలో తెలియడం లేదు, కారణాలతో చెప్పండి.

మౌలాలీ_షెడ్:
వద్దండీ. ఒత్తిడి దగ్గర భయమేమీ లేదు. 0.55 × 100 ÷ (2 × 2.5) అంటే బ్యారెల్ రేకు మీద పడేది చదరపు మి.మీ.కి 11 న్యూటన్లు. మెత్తబడిన రాగి 200 దాకా తట్టుకుంటుంది. అసలు సమస్య గంధకం. ఏసీ గొట్టానికి నిప్పూ పొగా తగలవు. మీ ఫైర్‌బాక్స్ (నిప్పు మండే గది) అతుకులకు, ట్యూబ్ ప్లేట్‌కు (పొగ గొట్టాల చివర్లు దిగే రేకు) రోజూ తగులుతాయి. బొగ్గు పొగలోని గంధకం వేడి మీద ఆ రాడ్‌లోని ఫాస్ఫరస్ భాగాన్ని తినేస్తుంది. అతుకు మెల్లమెల్లగా గుల్లబారుతుంది. పైగా ఆ అతుకు పెళుసు. రేకు వేడికి సాగి చల్లారి ముడుచుకున్నప్పుడల్లా వంగాల్సింది పోయి పగులుతుంది.

బాలానగర్_లేత్:
అన్నా, అందరూ గదే పాట పాడుతరు. గ్యాస్‌తోని నడిపితే గంధకం ఏడికెళ్లి వస్తది? సిలిండర్ల వాసన కోసం కలిపే మందుల ఉన్న గంధకం లెక్కల్నే రాదు. ఇగ బొగ్గంటరా, మన సింగరేణి బొగ్గుల బూడిద ఎక్కువ గానీ గంధకం తక్కువ. ఇంకోటి, బయటి షెల్ అతుకుకు పొగ తగులనే తగులదు. గొంతు ప్లేట్‌ను, అంటే ఫైర్‌బాక్స్ బయటి షెల్ ముందు రేకును, బ్యారెల్‌కు అతికేది మొదటి అతుకు. దాన్ని ఏసీ రాడ్‌తోని కొడితే 800 డిగ్రీల దగ్గర కరుగుతది, తర్వాత 55 శాతం 660కే కరుగుతది, పాత అతుకు కదలది. పైసలు మిగులుతయ్, పనీ సులువైతది.

మౌలాలీ_షెడ్:
800 అన్నది పూర్తిగా కరిగే వేడి. 2 శాతం వెండి ఉన్న రకమైతే ఆ రాడ్ మెత్తబడటం 645 దగ్గరే మొదలవుతుంది. 55 శాతం వెండి 630 నుంచి 660 మధ్య పారుతుంది, పని మీద రేకును 680, 700 దాకా తీసుకెళ్తాం. అప్పటికి మీ పాత అతుకు సగం జావ. దాని మీద బరువు వేలాడుతుంటే జారుతుంది.

బాలానగర్_లేత్:
గట్లయితే 40 శాతం వెండి కూడా 650 దగ్గర మొదలై 710కి పారుతది. ముందు 40, తర్వాత 55 అని పుస్తకాలన్నీ చెప్తయ్ కదా. దానికి లేని దోషం దీనికేంది?

చర్లపల్లి_ఫ్లక్స్:
బాలానగర్ అన్న ఈ పాయింట్ సరిగ్గా పట్టుకున్నారు. కరిగే వేడిలో తేడాను నమ్ముకుని ముక్కల్ని గాలికి వదిలేయకూడదు, ఏ రాడ్ అయినా సరే. గొంతు ప్లేట్‌ను నాలుగైదు చోట్ల రాగి రివెట్లతోనో గన్‌మెటల్ (ఒక రకం కంచు) స్క్రూలతోనో పట్టి ఉంచితే టంకం మెత్తబడినా ముక్క కదలదు. ఇత్తడి స్క్రూలు, ఇత్తడి బుష్‌లు (ఫిట్టింగులు బిగించే మరల ఉంగరాలు) మాత్రం వద్దు. వేడి నీళ్లలో జింకు కరిగిపోయి మెత్తటి రాగి గుల్ల మిగులుతుంది, మరలు ఊడివస్తాయి. బుష్‌లన్నీ గన్‌మెటల్ లేదా ఫాస్ఫర్ బ్రాంజ్‌తోనే చేయండి.

ఏసీ రాడ్ గురించి ఇంకో మాట. ఫ్లక్స్ అక్కర్లేదన్నది రాగికి రాగి దగ్గరే. గన్‌మెటల్ బుష్ వచ్చిందంటే ఫ్లక్స్ కావాలి. ఇనుము, స్టీలు మీద అసలు వాడకూడదు, అతుకు గాజులా విరుగుతుంది.

మెట్టుగూడ_4-6-2:
ఖర్చు ఖర్చు అంటున్నారు, ఎంత వెండి పడుతుందో ఒక్కరూ లెక్క వేయలేదు.

గొట్టం 12 మి.మీ. ఒక మి.మీ. తీగను గొట్టం చుట్టూ రింగులా చుడితే పొడవు సుమారు 41 మి.మీ., బరువు దాదాపు 0.3 గ్రాములు. పన్నెండు గొట్టాలు, రెండేసి చివర్లు, మొత్తం 24 రింగులు. అంటే 7 గ్రాముల చిల్లర! 3 మి.మీ. ట్యూబ్ ప్లేట్‌లో రంధ్రానికీ గొట్టానికీ మధ్య 0.1 మి.మీ. సందు ఉంటే ఆ సందు నింపడానికి రింగులో మూడో వంతు చాలు, మిగతాది రెండు పక్కలా సన్నటి అంచు కడుతుంది. సందు 0.3 అయిందా, రింగు మొత్తం సందులోకే పోతుంది, అంచు కట్టదు. అప్పుడు రాడ్ మీద రాడ్ గుచ్చుతారు. వెండి ఖర్చు పెరిగేది అక్కడ, దుకాణంలో కాదు. రంధ్రాన్ని డ్రిల్‌తో వదిలేయకండి, రీమర్ (రంధ్రాన్ని సరైన కొలతకు నున్నగా చేసే పనిముట్టు) వేయండి. రంధ్రం అంచున సన్నటి ఆకురాయితో మూడు గాట్లు పెడితే టంకం అవతలికి దారి చూసుకుంటుంది. అవతలి పక్క చుట్టూ తెల్లటి గీత కనిపిస్తేనే ఆ గొట్టం అతికినట్టు.

రామంతపూర్_స్టీమ్:
ఈ లెక్క చూశాక ఫైర్‌బాక్స్, గొట్టాలు 55తోనే. బయటి షెల్ సంగతి ఆలోచిస్తాను. రేకు కోసం తుక్కులో బస్‌బార్ రాగి చూశాను, పనికొస్తుందా? వేడికి ఇంటి సిలిండర్ చాలుతుందా? మామూలు వెలిగారం వాడొచ్చా?

చర్లపల్లి_ఫ్లక్స్:
మూడింటికీ కాదనే.

బస్‌బార్ రాగి కరెంటు కోసం చేసింది, అందులో కాస్త ఆక్సిజన్ ఉంటుంది. గ్యాస్ ఎక్కువైన పసుపు మంటతో ఎర్రగా కాలిస్తే మంటలోని హైడ్రోజన్ రేకులోకి దూరి ఆ ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరిగా మారుతుంది. రేణువుల మధ్య సన్నటి పగుళ్లు వస్తాయి, వంచితే రేకు పెచ్చులుగా విడిపోతుంది. ఫాస్ఫరస్‌తో ఆక్సిజన్ తీసేసిన రాగి రేకు అని అడిగి, బిల్లు మీద గ్రేడ్ రాయించుకోండి. ఏసీ గొట్టాల రాగి ఆ రకమే.

వెలిగారం 740 దాటాక గానీ కరగదు. మీ టంకం 660కే సిద్ధం. వెలిగారం కరిగేలోపు రాగి నల్లబడి టంకం బంతులు కట్టి దొర్లుతుంది. కంసాలి పనికి అది బాగానే ఉంటుంది, ఇక్కడ మాత్రం 550 నుంచి 800 దాకా పనిచేసే ఫ్లోరైడ్ ఫ్లక్స్ తీసుకోండి. నీళ్లతో మజ్జిగలా కలిపి, ముక్కల్ని జత చేసే ముందే రెండింటికీ పూయాలి. దాని పొగ పీల్చకూడదు, గాలి ఆడే చోట చేయండి. కాడ్మియం ఉన్న పాత రాడ్లు ఎవరైనా చవగ్గా ఇస్తామంటే తీసుకోవద్దు, ఆ పొగ ఊపిరితిత్తులకు విషం.

బాలానగర్_లేత్:
మంట సంగతి నేను చెప్తా. ఇంటి స్టవ్ రెగ్యులేటర్‌తోని రాగి ఎర్రగ కాదు, ఒత్తిడి సాలది. 2 నుంచి 4 బార్ ఇచ్చే హై ప్రెషర్ రెగ్యులేటర్, దానికి తగ్గ పెద్ద బర్నర్ ఉండాలె. చిన్న 5 కిలోల సిలిండర్ పెడితే పది నిమిషాలల్ల మంచు పట్టి మంట పడిపోతది, టంకం సగం పారినంక ఆగుతది. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ పెట్టుర్రి. బాయిలర్ చుట్టూ తేలిక ఫైర్ ఇటుకలు గూడు లెక్క పేర్చి, సందుల్ల సిరామిక్ ఉన్ని కుక్కితే వేడి బయటికి పోదు. ఒకలు పెద్ద బర్నర్‌తోని మొత్తం వేడి చేస్తుండాలె, ఇంకొకలు చిన్న మంట అతుకు దగ్గర తిప్పాలె. ఆక్సీ-ఎసిటిలిన్ ఒక్కటే పట్టుకొని దూకితే మంట తగిలిన కాడ ఫ్లక్స్ మాడిపోతది, జానెడు దూరంల రాగి చల్లగనే ఉంటది.

మౌలాలీ_షెడ్:
దీంతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఒక్కటే చేరుస్తా: రాడ్‌ను మంటలో కరిగించకండి. మంట పక్కకు తీసి, రేకు వేడికే కరిగేలా తాకించండి. టంకం వేడి ఉన్న వైపుకు పారుతుంది. అతుక్కు అవతల వేడి పెడితే లోపలికి లాగుతుంది. ప్రతి దశ తర్వాత ఎరుపు పూర్తిగా పోయి చల్లారనిచ్చి, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో, పదో వంతు చొప్పున, రాత్రంతా నానబెట్టండి. ఆ తొట్టిలో ఇనుప పట్టకారు పెట్టకండి, ముక్క మీద రాగి పూత ఎక్కి పగుళ్లు కనపడకుండా పోతాయి.

షెల్ విషయంలో నా మాట మారలేదు. బొగ్గుకు మారుస్తానన్నారు కాబట్టి స్మోక్‌బాక్స్ (పొగ చేరే ముందు గది) వైపు అతుకు ఏదైనా సరే ఏసీ రాడ్ వద్దు. గొంతు ప్లేట్ ఒక్కదానికీ వాడతామంటే గొడవపడను, కానీ ఏ అతుకు దేనితో చేశారో రాసి పెట్టుకోండి. రేపు రిపేర్ చేసేవాళ్లకు అది తెలియాలి.

మెట్టుగూడ_4-6-2:
25 లీటర్ల లోపు బాయిలర్ చట్టం కిందికి రాదు కాబట్టి ఇన్‌స్పెక్టర్ రాడు. పరీక్ష బాధ్యత మీదే. 5.5 బార్‌కి మొదటి పరీక్ష 11 బార్ దగ్గర, నీళ్లతోనే. గాలి బుడగ ఒక్కటీ మిగలకుండా నింపి చేతి పంపుతో మెల్లగా ఎక్కించండి. 20 నిమిషాలు ఆపి, ఫైర్‌బాక్స్ చదును గోడల మీద డయల్ గేజ్ (సన్నటి కదలికను ముల్లుతో చూపే పరికరం) పెట్టి చూడండి. ముల్లు ఒత్తిడి తీసేశాక వెనక్కి రాకపోతే స్టేలు (చదును గోడలను కలిపి పట్టి ఉంచే కడ్డీలు) సరిపోలేదన్నమాట.

రామంతపూర్_స్టీమ్:
స్టే తలల దగ్గర చెమ్మ కనిపిస్తే సీసం టంకం పూసి ఆపొచ్చని ఇంకోచోట చదివాను.

మౌలాలీ_షెడ్:
ముందు ఆ స్టేను మళ్లీ శుభ్రం చేసి వెండి టంకంతోనే ప్రయత్నించండి. సీసం ఒక్కసారి తగిలిందంటే ఆ చోట వెండి టంకం మళ్లీ పట్టదు, వేడి చేస్తే సీసం రాగిలోకి, పాత అతుకులోకి చొచ్చుకుపోయి దాన్నీ పాడుచేస్తుంది. ఇక వెండి పని ఏమీ మిగల్లేదని రూఢి అయ్యాకే, అదీ నీటి మట్టం కింద ఉండే స్టే తలలకే, 296 డిగ్రీలకు కరిగే సీసం-వెండి టంకం వాడతారు. 5.5 బార్ దగ్గర నీటి వేడి 162, కాబట్టి అక్కడ నిలుస్తుంది. నీళ్లు ఇంకి ఫైర్‌బాక్స్ పైకప్పు బయటపడితే నిలవదు.

బాలానగర్_లేత్:
గొంతు ప్లేట్‌కు ఏసీ రాడ్ కొట్టేటట్టయితే చెప్పన్నా, 2 శాతం వెండి ఉన్నది తీసుకో. వెండి లేనిది ఇంకా పెళుసు.